నేర్పరితో జతకట్టినప్పుడు

అద్దంకి చుట్టుపక్కల నల్లరేగడి దున్నిన రైతులకు ఎద్దుల జతను గూర్చి కొత్తగా చెప్పనక్కరలేదు. వలపటెద్దు బలమైనదై, దాపటెద్దు కాస్త నీరసమైనదైతే, అనుభవమున్న రైతు దాపటిదాన్ని ముల్లుగర్రతో పొడవడు. కాడికి తాడు బిగించే చోటును బలమైన ఎద్దు వైపు కొద్దిగా జరుపుతాడు. అప్పుడు బరువులో ఎక్కువ పాలు దానిమీద పడుతుంది. రెండూ ఒకే నడకన సాగుతాయి. సాలు వంకర పోదు.

ఎద్దులకు ఈ సర్దుబాటు చేసేందుకు రైతున్నాడు. మనుష్యులు జతగా పనిచేసేటప్పుడు ఎవరి సర్దుబాటు వారే చేసికోవాలి. మనకంటె ఎంతో నేర్పరియైన వ్యక్తితో జతకట్టినప్పుడు మన వంతు ఏమిటి? ఆయన వంతు ఏమిటి? ఈ ప్రశ్నలకు చక్కని జవాబు దొరికే చోటు ఒకటున్నది. అది బ్రిడ్జి అనే ఆట.

పేకాటా?

పేకముక్కల పేరు వినగానే కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. అది న్యాయమే. మిరప డబ్బు, పత్తి డబ్బు పందెంలో పోగొట్టుకున్న ఇండ్లు మన ఊళ్లలో ఉన్నవని మనమెరుగుదుము. ఆన్‌లైన్ పందెపు ఆటలను మన రాష్ట్ర ప్రభుత్వం 2020లో నిషేధించింది. 2025లో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ దేశమంతటికీ చట్టం చేసింది. మేము చెప్పబోయేది పందెం గూర్చి కాదు. పోటీలలో ఆడే బ్రిడ్జిలో నోటు చేతులు మారదు. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో ఈ ఆటకు మొదటిసారి చోటు దొరికింది. పురుషుల జంటల విభాగంలో బంగారు పతకం గెలిచినది మన దేశస్థులైన ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్. అప్పటికి వారి వయస్సు 60, 56 సంవత్సరాలు. కండబలం అక్కరలేని ఈ ఆటలో ఒకరినొకరు నమ్ముకొనడమే బలం.

నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్నవారు ఒక జోడీ. 52 ముక్కలు తలా 13 పంచుతారు. జోడీ చేతిలో ఏమున్నదో మనకు కనబడదు. మొదట పాట ఉంటుంది. వేలంలో పాడినట్లు ఒక్కొక్కరు ఒక రంగును, ఒక అంకెను చెబుతారు. ఆ కొద్ది మాటలతోనే నా చేతిలో ఇంత ఉన్నదని జోడీకి తెలియజేయాలి. వేరే మాట, సైగ, దగ్గు, నిట్టూర్పు ఏదీ పనికిరాదు.

ఉన్నంతే చెప్పడం

ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కకట్టే పద్ధతి బాగా వాడుకలో ఉన్నది. పేక మొత్తంలో 40 పాయింట్లుంటాయి. నలుగురూ తలా ఒక ముక్క వేసిన చుట్టును గెలిస్తే ఒక పట్టు. ఇస్పేటు రంగులో నాలుగు అని పాడితే 13 పట్లలో 10 గెలవాలి. అందుకు జోడీ ఇద్దరి చేతుల్లో కలిపి సుమారు 25 పాయింట్లు కావాలని ఆటగాళ్ల అనుభవం.

మన జోడీ నేర్పరి. ఆయన ఇస్పేటు ఒకటి అన్నాడు. మన చేతిలో మూడు ఇస్పేట్లు, 7 పాయింట్లు ఉన్నవి. ఇస్పేటు రెండు అనడం మన ధర్మం. నీ రంగు నాకు నచ్చింది గాని నా బలం కొంచెమే అని దానికి అర్థం. ఇక్కడే శోధన వస్తుంది. ఇంత పెద్ద ఆటగాని ముందు ఇంత చిన్న మాట ఏమిటనిపించి ఇస్పేటు మూడు అంటాము. మన దగ్గర 11 ఉన్నవని ఆయన నమ్ముతాడు. తన 14కు అది కలుపుకొని, 25 అయినవని నాలుగుకు వెళతాడు. నిజానికి ఉన్నది 21. ఆట పోతుంది. ఆయన నేర్పు మనలను రక్షించలేదు; ఎందుకంటే ఆ నేర్పుకు మనమే తప్పు లెక్క అందించాము.

దీనికి ఎదురైన తప్పు కూడా ఉన్నది. భయంతో ఉన్న బలాన్ని దాచుకొని ఊరకుండడం. వినయమని మనము దానికి పేరు పెట్టుకుంటాము గాని, జోడీకి అదీ తప్పు లెక్కే. ఎక్కువ చెప్పడం, తక్కువ చెప్పడం రెండూ ఒకే కొమ్మకు కాసిన కాయలు.

ఒకరు తమ బలం ఇంతేనని చెప్పివేసిన తరువాత నిర్ణయం రెండవవారిది. ఆయన ఇక చాలు అంటే చాలు. మళ్లీ పాట పెంచడం ఆయన లెక్కను కాదని త్రోసివేయడమే.

ఎత్తుగడలు అంటగట్టవద్దు

నేర్పరితో ఆడేవారికి మరొక జబ్బున్నది. ఆయన వేసిన ప్రతి ముక్కలో ఏదో గొప్ప ఎత్తుగడ వెదకుతారు. ఎదుటివారి ఆటను అడ్డుకొనేటప్పుడు పెద్ద ముక్క వేస్తే ఈ రంగే మళ్లీ ఆడమని, చిన్నది వేస్తే వద్దని ఒక ఒప్పందం ఉంటుంది. ఆయన పెద్ద ముక్క వేశాడు. ఆయన అంత తేలికగా చెప్పడులే, దీని వెనుక ఇంకేదో ఉండాలి అనుకొని మనము వేరే రంగు ఆడతాము. ఆయన చెప్పినది తేలికైన మాటే. మనమే దాన్ని బరువు చేశాము. అట్లే, ఎదుటివారిని బురిడీ కొట్టించాలని మనము దొంగ సంకేతం వేస్తే, దాన్ని మొదట నమ్మి మోసపోయేది మనలను నమ్మినవాడే.

ఒప్పందాలు కొన్నే ఉండనివ్వండి. పది గొప్ప ఒప్పందాలు సగం సగం గుర్తుండడం కంటె, మూడు సులువైనవి ఇద్దరికీ ఒకే విధంగా గుర్తుండడం మేలు. అవి రహస్యంగా కూడా ఉండరాదు. మీ జోడీ ఈ మాటకు ఏ అర్థం చెప్పుకున్నదని ఎదుటివారు అడిగితే దాచక చెప్పాలి. పెద్ద పోటీలలో జోడీలు ఒకరి ముఖం ఒకరు చూడకుండ బల్లకు అడ్డంగా తెర కడతారు. అయినా 2015లో ఐరోపాలో పేరుమోసిన కొన్ని జోడీలు దొంగ సైగలు పంపుకుంటున్నారన్న ఆరోపణలు లేచినవి. విచారణలు జరిగి కొందరిమీద నిషేధాలు పడినవి. నేర్పు ఎంతున్నా నమ్మకం పోయిన తరువాత ఎదురుగా కూర్చుండేవారు దొరకరు.

మౌనంగా ఉండే వంతు

పాట ముగిసి మన జోడీ ఆడవలసి వచ్చినప్పుడు ఒకరే రెండు చేతులూ ఆడతారు. రెండవవారు తమ 13 ముక్కలూ బల్లమీద పరచి ఊరుకోవాలి. ఆ ముక్క వేయి, ఈ ముక్క వేయి అని సలహా చెప్పరాదు. కాని నియమం ఒక చిన్న తలుపు తెరచి ఉంచింది. ఆడేవాడు అడిగిన రంగు వేయక వేరే రంగు వేస్తే, ఆ రంగు నీ దగ్గర లేదా అని అడగవచ్చు. అంటే మౌనంగా ఉన్నా కన్ను మూసికొనరాదు. పెత్తనం చేయరాదు, పొరబాటును మాత్రం ఆపవచ్చు. ఇంత చక్కని హద్దు మన ఇండ్లలో ఎందరు పాటిస్తున్నారు?

నేర్పరి వంతు

ఇంతవరకు తక్కువ నేర్పున్నవారిని గూర్చి చెప్పాము. కాడి తాడు జరిపినప్పుడు ఎక్కువ బరువు బలమైనదానిమీదనే పడుతుందని మరువకూడదు. నేర్పరి తన జోడీకి అర్థం కాని మాట పాడకూడదు. ప్రతి ఆటా తానే ఆడాలని రంగులన్నీ తనవైపు లాగకూడదు. అన్నిటికంటె ముఖ్యం, బల్లవద్ద గద్దించకూడదు. గద్దింపు తిన్నవాడు తరువాతి చేతిలో తన ముక్కలను చూడడు, ఎదుటి ముఖాన్ని చూస్తాడు. తప్పులు మాట్లాడుకోవలసినవే, గాని ఆట ముగిసిన తరువాత, ఇద్దరే ఉన్నప్పుడు.

ఈ సంగతి మన తెలుగు బిడ్డలలోను చూడవచ్చు. మన ప్రాంతపు నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ హైదరాబాదులో నెలకొల్పిన బ్యాడ్మింటన్ అకాడమీలో అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్, ముంబయికి చెందిన చిరాగ్ శెట్టి జోడీగా ఎదిగారు. ఇద్దరూ వెనుక నుండి బలంగా కొట్టే అలవాటున్నవారే. ఇద్దరూ వెనుకనే నిలబడితే వలవద్ద ఎవరుంటారు? ముందు వంతు చాలవరకు చిరాగ్ తీసికొన్నాడు. సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో 2023లో గిన్నిస్ రికార్డు కెక్కింది. పోటీలలో అటువంటి దెబ్బలకు తగినట్లు షటిల్ లేచేటట్లు ముందు నిలిచి ఆడేవాడు జోడీలో తక్కువవాడు కాడు. ఆ సంవత్సరమే వారు ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచి, ప్రపంచ మొదటి ర్యాంకు పొందిన తొలి భారత డబుల్స్ జోడీ అయ్యారు.

మన ఇంటి బల్ల

ఇది ఆటలతో ముగిసే సంగతి కాదు. ఒక ఇంటిలో భర్త సాగులో దిట్ట, భార్య లెక్కలో దిట్ట. మరొక ఇంటిలో అది తారుమారు. గుంటూరు యార్డులో మిరప అమ్మి వచ్చినవాడు, వచ్చినది ఇంత, దళారికి పోయినది ఇంత, పురుగుమందుల కొట్టులో బాకీ ఇంత అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బాకీ దాచి, అంతా బాగున్నదంటే, ఆ ఇల్లాలు లేని బలాన్ని ఉన్నదనుకొని పిల్ల పెండ్లికో, మరో ఎకరం కౌలుకో మాట ఇస్తుంది. 7 ఉండగా 11 అని పాడినది ఆమె కాదు. అయినా ఓటమి ఇద్దరిదీ, బిడ్డలది కూడా.

ఆమె వంతు కూడా ఉన్నది. నిజం చెప్పిన నాడు గద్దించి లేపితే, మరునాడు నిజం చెప్పేవారుండరు. నష్టం వచ్చిన రాత్రి కాదు, కాస్త తేరుకున్న తరువాత కూర్చుని లెక్క చూచుకొనడం మంచిది.

పాఠకులారా, ఈ నెలలో ఒక సాయంకాలం ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద చేతిలో ఉన్నది, బయట ఇవ్వవలసినది వ్రాసికొనండి. ఎవరు నేర్పరి అనే వాదన వద్దు. ఎవరి ముక్కలు వారు బల్లమీద పరచండి.