టైరు గాలిని కనిపెట్టు దీపము

అమెరికాలో టైర్లు చీలి పలువురు మరణించిన పిమ్మట 2000లో ఒక శాసనము వెలువడినది. తత్ఫలితముగా 2007 సెప్టెంబరు నుండి అచ్చట అమ్మకమునకు తయారగు కొత్త కార్లన్నిటికిని గాలి తగ్గినచో వెలుగు దీపము ఉండవలెను.

దీపము నిలుకడగా వెలిగినచో పీడనము నాలుగవ వంతైనను తగ్గినదని అర్థము. చలి ఉదయములందు ఇది సామాన్యమే. ఉష్ణోగ్రత సుమారు 5.5 సెంటీగ్రేడు డిగ్రీలు పడినచో చదరపు అంగుళమునకు ఇంచుమించు ఒక పౌను పీడనము తగ్గును. కావున ముందు, టైర్లు చల్లగా నున్నప్పుడే, గేజితో కొలువవలెను.

దీపము నిమిషము, నిమిషమున్నర మిణుకుమిణుకుమని పిదప నిలిచి వెలిగినచో లోపము యంత్రములోనిది. దీనికి అలవాటుపడి ఊరకుండువారును కలరు. ఆ స్థితిలో గాలి నిజముగా పోయినను దీపములో మార్పు కానరాదు!

చక్రములోపల, తరచు వాల్వునకే అమర్చిన సెన్సారు పీడనమును రేడియో తరంగములద్వారా తెలుపును. దాని బ్యాటరీ సాధారణముగా ఐదు నుండి పదేండ్లలో ఉడుగును. అప్పుడు సెన్సారునే మార్చవలసి యుండును. మెకానిక్కు పరీక్షా పరికరమును ఒక్కొక్క వాల్వుచెంత ఉంచి సెన్సారును మేల్కొల్పును. ఒక్కటే పలుకనిచో అనుమానము దానిమీదనే. నాలుగును పలికినను దీపము ఆరనిచో, కారులోని గ్రాహకమును చూడవలెను. కొత్త సెన్సారు అమర్చి, దాని గుర్తుసంఖ్యను కారునకు తెలుపుట మరచిరేమో అదియు విచారింపవలెను.