కత్తి జారినా... గుండె జారకూడదు!

వ్యూహ యుద్ధాల వీడియో గేముల్లో సైనికుడి ప్రాణం కన్నా ముందు పోయేది ధైర్యం. ఆ ధైర్యాన్ని చివరిదాకా నిలబెట్టగలిగిన ఆటగాడే అక్కడ అసలైన సేనాని. అదెలాగో చెప్పే కథనమిది.

కొండ వాలు మీద ఈటెల దళం బారులు తీరి ఉంది. శత్రువు కింది నుంచి రొప్పుతూ ఎక్కి వస్తున్నాడు. రెండు వరుసలూ ఢీకొన్నాయి. పైచేయి మనవాళ్లదే. ఇంతలో కుడివైపు చెట్ల చాటు నుంచి ఓ చిన్న అశ్వికదళం చుట్టు తిరిగి వచ్చి వెనక నుంచి గుద్దింది. చచ్చినవాళ్లు పట్టుమని పాతికమంది లేరు. కానీ దళం జెండా తెల్లగా మిణుకుమంది. మరుక్షణం తెలుపే ఖాయమైంది. అందరూ కాలికి బుద్ధి చెప్పారు. వాళ్లను చూసి పక్క దళం, దాన్ని చూసి ఆ పక్కది... చూస్తుండగానే వాలంతా ఖాళీ!

‘టోటల్ వార్’ ఆడేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే దెబ్బ ఇది. ఇంగ్లండ్‌లోని హోర్షమ్‌లో ఉన్న క్రియేటివ్ అసెంబ్లీ సంస్థ 2000లో ‘షోగన్’తో ఈ వరుసకు శ్రీకారం చుట్టింది. ఆ తర్వాత రోమ్ (2004), మెడీవల్ 2 (2006), షోగన్ 2 (2011), వార్‌హామర్ (2016) వచ్చాయి. దేశాలూ కాలాలూ మారినా ఒక సూత్రం మాత్రం మారలేదు. ప్రతి దళానికీ మనోబలం లెక్క ఒకటి ఉంటుంది. ఆటగాళ్లు దాన్ని ‘మొరేల్’ అంటారు. అది అడుగంటిందా, దళంలో ఎంతమంది మిగిలినా లేనట్టే.

నెట్ సెంటర్లలో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ ఆడి పెరిగినవాళ్లకు ఇది మొదట్లో మింగుడుపడదు. అందులో సైనికుడు ఒక్క చుక్క ప్రాణం మిగిలినా కొడుతూనే ఉంటాడు. ఎక్కువమందిని తయారుచేసి పంపితే చాలు, చాలాసార్లు పని జరిగిపోతుంది. ‘టోటల్ వార్’లో అలా గుంపుగా తోలితే ఆ గుంపే మీ కొంప ముంచుతుంది.

చావుల లెక్క తర్వాత...

ఈ మనోబలం సూత్రం ఆట కోసం కల్పించిన నియమం కాదు. ఫ్రెంచ్ కర్నల్ ఆర్డాన్ డు పిక్ పాతకాలపు యుద్ధాల మీద చేసిన వాదనకు ఇది చాలా దగ్గర. రెండు వరుసలు ఎదురెదురుగా నిలబడి పోరాడినంతసేపూ చావులు తక్కువే, ఒక పక్షం వెన్ను చూపాకే అసలు ఊచకోత మొదలవుతుందని ఆయన తేల్చాడు. 1870లో ప్రష్యాతో జరిగిన యుద్ధంలో గాయపడి చనిపోయిన ఈయన రాతలు ఆ తర్వాత సైనికాధికారులకు పాఠాలయ్యాయి.

ఆటలోనూ అంతే. నిలబడి పోరాడే దళాన్ని తుడిచిపెట్టాలంటే చాలాసేపు పడుతుంది. పరుగు తీస్తున్న దళాన్ని తేలికపాటి గుర్రాలు క్షణాల్లో తుడిచేస్తాయి.

ఎందుకు పరుగెడతారు?

షోగన్ 2లో ‘యారీ అషిగరు’ అనే ఈటెల దళం ఉంటుంది. వీళ్లు సమురాయిలు కారు, సామాన్య జనంలోంచి వచ్చిన కాల్బలం. ఖర్చు తక్కువ, గుండె ధైర్యమూ తక్కువే. ముందు నుంచి వచ్చే గుర్రాలను ఈటెల గోడతో ఆపేస్తారు. పక్క నుంచో వెనక నుంచో తగిలితే మాత్రం చెదిరిపోతారు.

ధైర్యాన్ని తినేసే కారణాలు ఇంకా ఉన్నాయి. తక్కువ సమయంలో ఎక్కువమంది పోవడం, సంఖ్యలో శత్రువుది పైచేయి కావడం, అలసట, పక్క దళం పారిపోవడం, సేనాని చావు... ఒక్కొక్కటీ అయితే ఓర్చుకుంటారు. రెండు మూడు ఒకేసారి పడితే సమురాయి దళం కూడా నిలవదు. అందుకే అనుభవజ్ఞులు ఎదుటివాడి వరుసను ఈటెలతో ముందు ఆపి, గుర్రాలతో వెనక నుంచి కొడతారు. అదే దెబ్బ మన మీద పడకుండా చూసుకోవడమే ధైర్యం కాపాడుకోవడంలో మొదటి పాఠం.

‘రోమ్’లో ఏనుగులది మరో కథ. శత్రువు గుండెలు అదరగొట్టే ఈ బలం బెదిరిందంటే, అదుపు తప్పి సొంతవాళ్లనే తొక్కేస్తుంది. అప్పుడు వాటిని చంపేయమని ఆజ్ఞ ఇచ్చే మీట కూడా ఆటలో పెట్టారు. క్రీ.పూ. 207లో మెటారస్ నది దగ్గర యుద్ధంలో కార్తేజ్ మావటివాళ్లు ఉలి, సుత్తి పట్టుకుని అదే పని చేశారని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు.

అంబారీ ఖాళీ అయితే...

సేనాని దగ్గర్లో ఉంటే దళాలకు ధైర్యం పెరుగుతుంది. అతను పడిపోతే సైన్యం మొత్తానికీ దెబ్బే. మన చరిత్ర చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. 1556లో రెండో పానిపట్టు యుద్ధంలో హేము కంటికి బాణం తగలగానే గెలుపు దారిలో ఉన్న అతని సైన్యం చెల్లాచెదురైంది. 1658లో సామూగఢ్ దగ్గర దారా షుకో ఏనుగు దిగి గుర్రం ఎక్కాడు. ఖాళీ అంబారీని చూసిన సైన్యం, రాకుమారుడు పోయాడనుకుని విరిగిపోయింది.

తెలుగువాళ్లకు మరీ దగ్గరిది 1565 నాటి తళ్లికోట. వృద్ధుడైన అళియ రామరాయలు శత్రువుకు చిక్కాడు. తల నరికి ఈటెకు గుచ్చి చూపించారు. అంత పెద్ద విజయనగర సైన్యం ఆ తర్వాత నిలబడలేదు.

కొత్త ఆటగాళ్లు చేసే పొరపాటు సరిగ్గా ఇక్కడే. సేనాని దళం బలమైనది కదా అని మొదటి వరుసలో దూకిస్తారు. లేదంటే భయపడి ఎక్కడో వెనక దాచేస్తారు. అతను ఉండాల్సింది వరుసకు కాస్త వెనక, దళాలకు ధైర్యం అందేంత దగ్గరలో. షోగన్ 2లో పారిపోతున్నవాళ్లను కూడగట్టే ‘ర్యాలీ’ మీట అతని చేతిలోనే ఉంటుంది మరి.

భయానికి ఎన్నో రూపాలు

ఈ ఆలోచన ఒక్క ‘టోటల్ వార్’దే కాదు. 1977 నాటి బోర్డు గేమ్ ‘స్క్వాడ్ లీడర్’లోనే మనోబలం లెక్క ఉంది. 1994లో వచ్చిన ‘ఎక్స్-కామ్’లో తోటివాడు చనిపోతే మిగిలినవాళ్లు బెంబేలెత్తి తుపాకులు వదిలేసి పరుగెడతారు, లేదా పిచ్చెత్తినట్టు కాల్చేస్తారు. 1996 నాటి ‘క్లోజ్ కాంబాట్’లో తూటాల వాన కురుస్తుంటే సైనికులు నేలకు కరుచుకుపోతారు, ముందుకెళ్లమన్నా కదలరు. మళ్లీ ‘టోటల్ వార్’కే వస్తే, ‘వార్‌హామర్’లో దయ్యాల సేన అసలు పారిపోదు. ధైర్యం బదులు వాటిని నిలబెట్టే మంత్రశక్తి సడలి, నిలబడ్డచోటే రాలిపోతుంది!

మీ దళం నిలబడాలంటే...

• వరుస రెండు కొసల్నీ అడవికో వాగుకో ఆనించండి. వీలుకాకపోతే అక్కడ ఈటెల దళాల్ని ఉంచండి.

• మైదానం అంతా పరుగెత్తించకండి. నడిపించండి. అలసిన దళం తొందరగా బెదురుతుంది.

• ఒకటి రెండు మంచి దళాల్ని వెనక దాచుకోండి. వరుస తడబడగానే వాటిని అక్కడికి పంపండి.

• పిరికి దళాల పక్కన గట్టి దళాన్ని నిలపండి. ఒకటి చెదిరినా వరుసంతా కొట్టుకుపోదు.

• శత్రువును పూర్తిగా చుట్టుముట్టకండి. ‘రోమ్’లో దారి దొరకని దళం చచ్చేదాకా పోరాడి మీవాళ్లను కూడా తీసుకుపోతుంది. కాస్త సందు వదిలి, పరుగు తీశాక తరమండి.

యుద్ధం మధ్యలో ఆట ఆపి, మౌస్‌ను దళం మీద ఉంచి చూడండి. వాళ్ల గుండె ఏ స్థితిలో ఉందో కనిపిస్తుంది. జెండా తెల్లబడక ముందే చూసుకోవాల్సిన లెక్క అది. ఇంత చేసినా దళం పారిపోతే సైనికుల్ని పిరికిపందలని తిట్టుకోకండి. వాళ్లను ఆ చోట, ఆ స్థితిలో నిలబెట్టింది మీరే!