పాత వైర్‌లెస్ సెట్టుకి కొత్త మొహం పెట్టొచ్చు

కొల్లేటికి వరదొస్తే ముందు రోడ్డు మునుగుద్ది, తర్వాత కరెంటు పోద్ది, ఆ వెనకాలే ఫోన్ సిగ్నల్ పోద్ది. చినఎడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకి నీళ్లెక్కితే లంక ఊళ్ల జనానికి ఇది కొత్త కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్లు చివరికి చేరేది మన కొల్లేటికే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు విశాఖ అంత నగరంలోనే సెల్‌ఫోన్లు మూగబోయాయి. మరి మన లంకల సంగతేంటి?

టవర్‌తో పనిలేకుండా మనిషి నుంచి మనిషికి మాట మోసేది వైర్‌లెస్ సెట్. జీపుల్లో, ఆఫీసుల్లో వాడి పక్కన పడేసిన పాత సెట్లు చాలానే ఉంటాయి. వాటిల్లో కొన్నిటికి గుండె బాగానే ఉంటది, మొహమే పోద్ది. డిస్‌ప్లే వెలగదు, బటన్లు అరిగిపోతాయి. అలాంటి సెట్టుని తూకానికి అమ్మేయడం తెలివితక్కువ పని అంటాను నేను. ఎందుకో చెప్తా.

మోటరోలా జీఎం300 లాంటి బండి సెట్టులో రెండు భాగాలుంటాయి. ఇనప పెట్టెలాంటి బాడీలో సిగ్నల్ పంపే, అందుకునే సరుకంతా ఉంటది. ముందు తగిలించే బటన్లు, డిస్‌ప్లే, మైకు సాకెట్ ఉన్న ముక్కని కంట్రోల్ హెడ్ అంటారు. కొన్ని సెట్లకి బాడీని సీటు కింద పెట్టి, హెడ్‌ని కేబుల్‌తో డాష్‌బోర్డు మీదకి తెచ్చుకోవచ్చు.

సరే, ఒక సెట్టు హెడ్ ఊడదీసి ఇంకోదానికి తగిలిస్తే పని అయిపోద్దా? చాలాసార్లు అవ్వదు. బాడీలో ఒక చిన్న మెమరీ చిప్ ఉంటది. ఛానళ్లు, పవర్, ఏ బటన్ నొక్కితే ఏం జరగాలి అన్నవన్నీ అందులోనే రాసుంటాయి. దీన్నే కోడ్‌ప్లగ్ అంటారు. కొన్ని మోడళ్లలో తనకి ఏ రకం హెడ్ తగిలించారో కూడా అందులోనే ఉంటది. పేరొకటి, మనిషొకడు అయితే రేషన్ కార్డు పనిచేయనట్టే, అక్కడ రాసున్న హెడ్ ఒకటి, తగిలించింది ఇంకోటి అయితే సెట్టు ఎర్రర్ చూపిస్తది, లేదా మొండికేస్తది. అప్పుడు మెమరీలో రాత మార్చాలి.

పని వరస ఇది. ముందు వెనకాల లేబుల్ మీద మోడల్ నంబరు, బ్యాండు చూడండి. 136–174 మెగాహెర్ట్జ్ అంటే వీహెచ్ఎఫ్. కొత్త హెడ్ ఆ మోడల్ కుటుంబానిదేనా, కనెక్టర్ పిన్నులు అవేనా అన్నది సర్వీస్ మాన్యువల్‌లో సరిచూసుకోవాలి. పిన్ను పట్టినంత మాత్రాన వోల్టేజీ సరిపోయినట్టు కాదు. తర్వాత ప్రోగ్రామింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ఉన్న కోడ్‌ప్లగ్‌ని చదివి రెండు కాపీలు దాచుకోవాలి. ఆ తర్వాతే హెడ్ రకం, బటన్ల పని మార్చి తిరిగి రాయాలి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. ఒకటి, పాత సెట్ల సాఫ్ట్‌వేర్ డాస్ కాలం నాటిది. స్పీడు ఎక్కువున్న కొత్త కంప్యూటర్‌లో లెక్క తప్పి మెమరీని పాడుచేయొచ్చు, పాత కంప్యూటరే మేలు. రెండు, రాసేటప్పుడు కరెంటు పోకూడదు. మన ఊళ్లలో అది మన చేతిలో లేదు కాబట్టి సెట్టుని 12 వోల్టుల బ్యాటరీ మీద నడపండి. మూడు, పక్క సెట్టులోని కోడ్‌ప్లగ్‌ని మొత్తంగా ఎత్తి ఇందులో పోయకండి. ఫ్రీక్వెన్సీ, పవర్ సర్దుబాటు లెక్కలు ఒక్కో బోర్డుకి ఒక్కోలా ఉంటాయి. అవి చెరిగితే కొలిచే మిషన్లు లేకుండా మళ్లీ సర్దడం కష్టం.

యాంటెన్నా లేకుండా ఎప్పుడూ మైకు నొక్కకండి, పవర్ ట్రాన్సిస్టర్ కాలిపోద్ది. 145 మెగాహెర్ట్జ్‌కి తరంగం పొడవు సుమారు 2 మీటర్లు. అందులో పావు వంతు, అంటే అర మీటరు ఊచ చాలు. ఇక కొల్లేరు చదునైన నేల, కొండలు అడ్డురావు. గుండుగొలనులో 16 మీటర్ల ఎత్తున ఒక యాంటెన్నా, లంకలో 4 మీటర్ల గెడకి ఇంకోటి కడితే లెక్క ప్రకారం 25 కిలోమీటర్ల దాకా మాట అందాలి. చెట్లు, మేడలు కొంత తినేస్తాయి, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు మాట. లైసెన్సు లేకుండా ఇలాంటి సెట్టుతో మాట్లాడటం నేరం. పాత సెట్టులో పోలీసు ఛానళ్లో ఇంకో శాఖ ఛానళ్లో మిగిలుంటే ముందు వాటిని చెరిపేయాలి, సరదాకి కూడా నొక్కకూడదు. దారి ఒకటుంది, అమెచ్యూర్ రేడియో లైసెన్సు, అదే హామ్ లైసెన్సు. 1978 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ డబ్ల్యూపీసీ విభాగం దీన్ని ఇస్తది. 12 ఏళ్లు నిండినోళ్లు పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ కోడ్ అక్కర్లేదు. 144–146 మెగాహెర్ట్జ్ మన హామ్‌లకి దొరికే బ్యాండు, పాత వీహెచ్ఎఫ్ సెట్లు సరిగ్గా అక్కడే పనికొస్తాయి. హైదరాబాదులో 1983 నుంచీ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. ప్రధానిగా చేసిన రాజీవ్ గాంధీ కూడా హామే, ఆయన కాల్ సైన్ వీయూ2ఆర్‌జీ.

ఒకటి గుర్తుపెట్టుకోండి. హామ్ బ్యాండులో వ్యాపారం మాట్లాడకూడదు. చేపల రేటు, మేత లారీ కబుర్లకి ఫోనే దిక్కు. ఇది నేర్చుకోడానికి, ఆపద రోజుకి.

ఊరికి ఇద్దరు లైసెన్సున్న కుర్రోళ్లు, అమ్మాయిలైనా సరే, బ్యాటరీ మీద నడిచే రెండు సెట్లు ఉంటే చాలు, వరద రోజున పడవ ఎటు పంపాలో, మందులు ఎవరికి కావాలో కబురు అందుద్ది. ఆ పని కలెక్టరాఫీసుకి సాయంగా, వాళ్లతో చెప్పి చేయాలి. మన ఇంజనీరింగు కాలేజీలు, పంచాయతీలు ముందుకొచ్చి పరీక్షకి కోచింగు పెట్టించాలి. వరదొచ్చాక లైసెన్సుకి అప్లై చేస్తే ఉపయోగం లేదు. ఎండాకాలంలోనే మొదలెట్టాలి.