యూరియా బస్తాలో 33 కిలోల బొగ్గుపులుసు వాయువు
పొగ నుండి పట్టే ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది?

(మా వాణిజ్య ప్రతినిధి)

తనకల్లు: తొలకరి పడిందంటే ఇక్కడి వేరుశనగ రైతులు మొదట వాకబు చేసేది సూపరు, పొటాషు, యూరియా ధరలే. వీటిలో యూరియా ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తున్నది. వేపపూత యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. ఆ బస్తా తయారీకి 33 కిలోల బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, ఖర్చవుతుందన్న సంగతి కొనేవారిలో చాలామందికి తెలియదు. ఫ్యాక్టరీ పొగ నుండి ఈ వాయువును పట్టడం నేడు అన్ని దేశాలలోనూ పెద్ద వ్యాపార సమస్య అయినందున, దాని జమాఖర్చులు తెలుసుకోవడం మంచిది.

కాకినాడ అనుభవం

యూరియాకు అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు రెండూ కావాలి. టన్ను యూరియాకు సుమారు 730 కిలోల వాయువు పడుతుంది. సహజవాయువుతో నడిచే కర్మాగారాలలో అమ్మోనియాకు సరిపడా ఈ వాయువు రాదు. కొంత అమ్మోనియా మిగిలిపోతుంది. ఈ లోటు తీర్చుకోవడానికే కాకినాడలో నాగార్జున ఫెర్టిలైజర్స్ వారు జపాను మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ పరిజ్ఞానంతో కొలిమి పొగ నుండి రోజుకు 450 టన్నుల వాయువును రాబట్టే యూనిట్ నెలకొల్పారు. అది 2009లో ప్రారంభమైంది. ఇదే సామర్థ్యం గల యూనిట్లు ఉత్తరప్రదేశ్‌లోని ఇఫ్కో కర్మాగారాలు రెండింటిలో 2006లోనే వచ్చాయి. 450 టన్నులంటే దాదాపు 13,600 బస్తాల యూరియాకు సరిపడే సరుకు.

పద్ధతి చెప్పడానికి తేలిక. పొగను చల్లార్చి ఒక గోపురంలోకి అడుగు నుండి పంపుతారు. పైనుండి అమైన్ అనే ద్రావకాన్ని జల్లుతారు. ద్రావకం బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. రెండవ గోపురంలో ఆ ద్రావకాన్ని ఆవిరితో కాస్తే వాయువు విడిపోతుంది. ద్రావకం మళ్ళీ పనికి వస్తుంది.

అసలు ఖర్చంతా ఈ ఆవిరి దగ్గరే. పొగలో వాయువు ఎంత పలుచగా ఉంటే ఖర్చు అంత పెరుగుతుంది. అమ్మోనియా తయారీలో వెలువడేది దాదాపు శుద్ధమైన వాయువు. బొగ్గు పొగలోనో, నూటికి 12 నుండి 15 పాళ్ళు మాత్రమే.

లాభం ఎక్కడ?

పట్టిన సరుకును కొనేవారుంటేనే గిట్టుబాటు. కాకినాడలో దానిని యూరియా కొన్నది. తమిళనాడులో తూత్తుక్కుడి ఆల్కలీ కర్మాగారం 2016 నుండి బాయిలరు పొగలోని వాయువును పట్టి సోడా యాష్ తయారీకి మళ్ళించింది. ఏడాదికి 60,000 టన్నులు లక్ష్యం. అయితే వాతావరణానికి దీనివల్ల కలిగే మేలు కొద్దిపాటిదే. యూరియా తడినేలలో పడగానే విడిపోయి, వాయువు తిరిగి గాలిలో కలుస్తుంది.

నిజంగా తొలగించాలంటే భూమి లోతున దాచాలి. అలా దాచినదానిని కొనేవారుండరు గనుక ప్రభుత్వమే ధర కట్టాలి. నార్వే 1991లో పన్ను వేసింది. 1996 నుండి స్లైప్నర్ గ్యాసు క్షేత్రంలో సముద్రం అడుగున వాయువును నింపడం మొదలైంది. అమెరికా 2022 చట్టం దాచిన ప్రతి టన్నుకు 85 డాలర్ల వరకు పన్ను రాయితీ ఇచ్చింది.

సిమెంటు బస్తాపై భారం

మన ప్రాంతానికి దగ్గరి ప్రశ్న తాడిపత్రి సిమెంటుది. సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే రాయి నుండే 44 కిలోల వాయువు వస్తుంది. ఇంధనం మార్చినా ఇది ఆగదు. నార్వేలో బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీలో ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టే యూనిట్ ప్రభుత్వ సాయంతో 2025లో ప్రారంభమైంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2025 అక్టోబరులో సిమెంటుతో సహా నాలుగు పరిశ్రమలకు ఉద్గార పరిమితులు ప్రకటించింది.

ఒక లెక్క వేసి చూడవచ్చు. 50 కిలోల సిమెంటు బస్తాకు సుమారు 30 కిలోల వాయువు వెలువడుతుంది. దానిని పట్టి దాచడానికి టన్నుకు 4,000 రూపాయలవుతుందనుకుంటే బస్తాకు 120 రూపాయలు. యూరియాకైతే సబ్సిడీ అడ్డుంటుంది. సిమెంటుకు అటువంటి అడ్డు లేదు. వానాధార వేరుశనగకు ఎకరాకు 18 కిలోల యూరియా చాలు. ఇల్లు కట్టుకునే రైతుకు సిమెంటు బస్తాలు వందల్లో కావాలి. దెబ్బ ఎటునుండి తగులుతుందో దీనినిబట్టి తెలుస్తున్నది.

ముందు చూపు

నాగార్జున ఫెర్టిలైజర్స్ 2021లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. అదే కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా తయారీకి ఎ.ఎం. గ్రీన్ సంస్థ 2024 ఆగస్టులో పెట్టుబడి నిర్ణయం ప్రకటించింది. ఇది నీటి నుండి కరెంటుతో తీసిన హైడ్రోజనుతో తయారయ్యేది. తనకల్లు ప్రాంతానికి ఈ కరెంటు వ్యాపారం కొత్త కాదు. కదిరి ప్రాంతంలోనే ఉన్న నంబులపూలకుంటలో ఎన్.టి.పి.సి. 250 మెగావాట్ల సోలారు కేంద్రం 2016లో నిలిచింది.

కాని హరిత అమ్మోనియాతో బొగ్గుపులుసు వాయువు రాదు. దానిని యూరియాగా మార్చాలంటే ఆ వాయువును మరెక్కడి నుండైనా తేవలసిందే. ఆనాడు సిమెంటు పొగకు గిరాకీ పుట్టవచ్చు. అటువంటి కొనుగోలుదారు దొరికితే బస్తాపై పడే 120 రూపాయల భారం కొంతైనా తగ్గుతుంది. దొరకకపోతే ఆ మొత్తం సిమెంటు కొనేవాని ఖాతాలోకే పోతుంది.