రోజుకో రూపాయి... మెట్ట ఆడవాళ్ల లెక్క

నెల్లూరు నుంచి పడమటికి బయల్దేరితే సంగం దాకా కళ్లకు పచ్చదనమే. వరి మళ్లు, కాలవలు, కొంగలు. ఆత్మకూరు దాటగానే దృశ్యం మారిపోతుంది. ఎర్రనేలలు, తుమ్మచెట్లు, దూరంగా కొండలు. అనంతసాగరం మండలంలోకి వచ్చాక మళ్లీ ఒక్కసారిగా నీళ్లు... పెన్నకు అడ్డంగా కట్టిన సోమశిల జలాశయం. నిల్వ సామర్థ్యం 78 టీఎంసీలు!

ఇంత నీరు పక్కనే ఉందంటే ఈ ఊళ్లు ఎంత అదృష్టం చేసుకున్నాయో అనిపిస్తుంది. కానీ నీరు పల్లమెరుగు. సోమశిల గేట్లు ఎత్తితే సంగం, నెల్లూరు ఆనకట్టల కింద డెల్టా పండుతుంది. వరద కాలువ మీదుగా కండలేరు చేరిన నీరు తెలుగుగంగలో చెన్నై దాకా వెళ్లి దాహం తీరుస్తుంది. పైనున్న ఉదయగిరి మెట్టలో మాత్రం బోరు పడితే పంట, పడకపోతే వలస. మెట్టకు నీళ్లెక్కించే కాలువ మాట ఏళ్లుగా వింటున్నదే.

ఆ మెట్టలోనే ఇంకో లెక్క మొదలైంది. నీళ్లది కాదు, డబ్బులది. ఇంటికొచ్చే కూలి డబ్బులు ఎవరి చేతిలో ఉండాలన్నది.

సీతమ్మ చెప్పిన పాఠం

1990వ దశకం ఆరంభం. నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఊరూరా నడుస్తోంది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రి పూట పలకా బలపం పట్టారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ ఒకటుంది. తాగుబోతు మొగుడితో వేగలేక ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి సారా కొట్టు మూయించిన సీతమ్మ కథ. చదివినవాళ్లకు అది కథలా అనిపించలేదు. మన ఇంటి సంగతే కదా అనుకున్నారు.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు నిజంగానే సారాను అడ్డుకున్నారు. వాళ్లలో ముందు వినిపించే పేరు రోశమ్మది. 'ఆడవాళ్లు ఏకమైతే' అంటూ ఆ ఊరి పోరాటమే మళ్లీ పాఠమైంది. పాఠం చదివిన ఊళ్లలో మరిన్ని కొట్లు మూతపడ్డాయి. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు మాటిమాటికీ వాయిదా పడ్డాయంటే కారణం వీళ్లే. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. అది 1997లో సడలిపోయింది. సారా పోయిన ఊళ్లోకి సీసా వచ్చింది! రోశమ్మ 2016లో కన్నుమూశారు.

ఇక్కడి దాకా అందరికీ తెలిసిన కథే. సారాకు పోకుండా మిగిలిన డబ్బులు ఏమయ్యాయన్నది చాలామంది అడగరు.

పట్టా లేని పూచీ

మిగిలిన ఆ చిల్లరతో మొదలైందే 'పొదుపులక్ష్మి'. రోజుకో రూపాయి. నెలకు ముప్పై. పది పదిహేను మంది ఒక గుంపు. అందరిదీ కలిపి ఒక డబ్బా, ఒక పుస్తకం. బిడ్డకు జబ్బు చేసినా, విత్తనాలు కొనాలన్నా ఆ డబ్బాలోంచే అప్పు. 'ఏమ్మే, ఈ నెల కంతు కట్టావా లేదా?' అని అడిగేది పక్కింటి ఆమే.

చూడ్డానికి చిన్న విషయం. కానీ అంతకుముందు బ్యాంకు మెట్లెక్కితే మొదటి ప్రశ్న 'పట్టా ఎవరి పేరున ఉంది?'. ఆమె పేరున ఏమీ ఉండదు. గుంపు వచ్చాక పట్టా స్థానంలో పదిమంది పూచీ నిలిచింది. సంఘాలను బ్యాంకులతో కలిపే పథకాన్ని నాబార్డు 1992లో మొదలుపెట్టింది. 2000లో 'వెలుగు' వచ్చింది. గుంపులు గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలయ్యాయి. తర్వాత పావలా వడ్డీ. కేంద్ర పథకం పేరులోని ఇంగ్లిషు పొడి అక్షరాలు కలిసి 'డ్వాక్రా' అయి, చివరికి అచ్చ తెలుగు మాటైపోయింది.

అయితే అంతా సాఫీగా సాగిందనుకుంటే పొరపాటే. గుంపులు కుదురుకున్నాయని తెలిశాక ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు ఇంటి ముందు వాలాయి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. ధైర్యమిచ్చిన పూచీయే మెడకు చుట్టుకుంది. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబర్లో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

గుంపులో లేనివాళ్లు

రోజుకో రూపాయి దాచాలంటే రోజూ రూపాయి కనపడాలి. నెల్లూరు జిల్లాలో యానాదుల జనాభా ఎక్కువ. పెన్నలో, కాలవల్లో చేపలు పట్టుకుంటూ, పొలాల్లో ఎలుకలు పడుతూ, పనున్న చోటికి గుడిసె మార్చుకుంటూ బతికేవాళ్లు. ఈ నెల ఇక్కడున్నామె వచ్చే నెల ఎక్కడుంటుందో తెలియకపోతే పూచీ ఎవరుంటారు? రేషన్ కార్డు, ఆధార్ లేని ఇళ్లూ వాళ్లలో ఉన్నాయి. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లతోనే గుంపు కట్టడం సంఘాల బలం. ఊరి గుంపు వేరు, పాలెం గుంపు వేరు కావడం కూడా దాని ఫలితమే. సారా కొట్టు ముందు ఒకటిగా నిలబడ్డవాళ్లు డబ్బా దగ్గర ఎవరి వాడలో వాళ్లు కూర్చున్నారు. ఈ మాట అభినందన సభల్లో పెద్దగా వినపడదు.

ఉదయగిరి చెక్క చెంచాలది ఇంకో దారి. కోట నీడన ఉన్న ఆ ఊళ్లో కొన్ని ముస్లిం కుటుంబాలు తరతరాలుగా నర్ది, బిక్కి, కల్ది లాంటి కొయ్యతో చెంచాలు, ఫోర్కులు చెక్కుతున్నాయి. పని చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఇల్లు కదలకుండా చేసుకోగల పని. పిడి మీద సన్నని నగిషీ చూస్తే అన్నంలో పెట్టడానికి మనసొప్పదు! ఈ కళకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గుర్తింపు ఊరి పేరుకు వచ్చింది. చెక్కే చేతికి రోజు కూలి ఎంత గిట్టుతుందన్నది మాత్రం కొయ్య దొరకడం మీద, సరుకు కొనేవాడి మీద ఆధారపడి ఉంది.

మెట్ట ఊళ్లలో నెలనెలా సమావేశాలు ఇప్పటికీ జరుగుతాయి. తీర్మానాల పుస్తకంలో వేలిముద్రలు తగ్గాయి, సంతకాలు పెరిగాయి. అప్పు దేనికో కూడా రాసి ఉంటుంది. బర్రెలు, పిల్లల ఫీజులు, కుట్టుమిషన్, బోరు. బోరుకు తీసుకున్న అప్పు ఆమె పేరునే ఉంటుంది. ఆ బోరున్న చేను పాసుపుస్తకంలో మాత్రం చాలా ఇళ్లలో ఇప్పటికీ ఆయన పేరే.