రెండో యేడు పలకలు ఎవరు కొన్నారు?

జూన్ నెల వచ్చిందంటే మధ్యతరగతి సంసారికి గుండెల్లో రాయి పడుతుంది. ఫీజులు, పుస్తకాలు, బూట్లు, సంచీ, ఆటోవాడి అడ్వాన్సు! అన్నీ చెల్లించి, ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ మనం వేసుకునే ప్రశ్న ఒకటే: "ఇంతా పోస్తే మావాడికి చదువు వస్తుందా?" సర్కారు వారిదీ సరిగ్గా అదే ప్రశ్న. కాకపోతే వారిది కోట్ల లెక్క. గదులు కడితే చదువు వస్తుందని కొందరు, మేష్టర్ల జీతాలు పెంచితే వస్తుందని కొందరు, బెత్తం పోయినప్పుడే చదువూ పోయిందని మా పెదనాన్నగారి వంటివారూ, ఎవరికి తోచింది వారు చెబుతూ వచ్చారు. ముప్ఫై యేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను గనుక నాకూ ఒక అభిప్రాయం లేకపోలేదు. అది అట్లా వుంచండి.

ఈ అభిప్రాయాలను 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిజంగానే పరీక్షకు కూర్చోబెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి తలపెట్టిన పని అది. పరిశోధన నడిపినవారు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు. ఆదిలాబాదు, నిజామాబాదు, విశాఖపట్నం, నెల్లూరు, కడప జిల్లాల్లో 500 పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలు తీసుకున్నారు. వాటిని చీట్లు వేసి అయిదు వంతులు చేశారు. నూరు బళ్ళకు తలా ఒక కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చారు. నూరు బళ్ళకు పిల్లల సామానుకని డబ్బిచ్చారు. పిల్లలు బాగా నేర్చుకుంటే నూరు బళ్ళలో ఏ మేష్టారికి ఆ మేష్టారికి విడిగా బోనసు అన్నారు. మరో నూరింటిలో బడి మొత్తానికి కలిపి బోనసు అన్నారు. మిగిలిన నూరూ ఎప్పటిలాగే నడిచాయి.

పిల్లల చదువుమీద చీట్లాట ఏమిటండీ అని మీరు ముక్కుమీద వేలు వేసుకోవచ్చు. కానీ తోటలో బలంగా ఎదిగిన చెట్లకే ఎరువు వేసి, కాపు బాగా వచ్చిందంటే అది ఎరువు గొప్పా, చెట్టు గొప్పా? అందుకే చీట్లు. పైగా అందరికీ ఇవ్వడానికి డబ్బు చాలనప్పుడు సిఫారసు వుత్తరం కంటే చీటీయే న్యాయమని నా వుద్దేశం.

నన్ను అన్నిటికంటె ఆకర్షించింది ఆ డబ్బు ఇచ్చిన బళ్ళ కథ. పిల్లకు సాలుకు సుమారు 125 రూపాయలు. దానితో గోడలు కట్టకూడదు, పైకప్పు వేయకూడదు. పిల్లలకు పనికివచ్చేవే కొనాలి. మేష్టర్లు నోటుపుస్తకాలు, పలకలు, అభ్యాస పుస్తకాలు, గోడపటాలు కొన్నారు. మొదటి యేడు చివర పరీక్ష పెడితే ఆ పిల్లలు తక్కిన బళ్ళ పిల్లలకంటే ముందున్నారు. అందరూ సంతోషించారు. రెండో యేడూ అంతే డబ్బు వచ్చింది, అవే వస్తువులు కొన్నారు. ఈసారి తేడా దాదాపు మాయమైంది!

పలకలు మారలేదు, మేష్టర్లు మారలేదు. మారింది ఇల్లు. మొదటి యేడు ఈ డబ్బు వస్తుందని తల్లిదండ్రులకు తెలియదు. ఎప్పటిలా తామూ కొన్నారు, బడీ ఇచ్చింది. పిల్లవాడికి రెండు చేతులా పుస్తకాలు. రెండో యేడు ముందే తెలిసిపోయింది. "బళ్ళో ఇస్తారుగా, మనమెందుకు కొనడం?" అని ఇల్లాలు ఆ డబ్బును మరో అవసరానికి మళ్ళించింది. బడి ఎంత ఇచ్చిందో, ఇంటి ఖర్చు దాదాపు అంతా తగ్గింది. పిల్లవాడి సంచీ బరువు మాత్రం పెరగలేదు.

ఇందులో ఆ తల్లిని తప్పుపట్టేవారు ఇల్లు నడిపి ఎరగరని నేనంటాను. మిగిలిన నూరో నూటయాభయ్యో మందులకు పోయిందో, చంటిదాని పాలకు పోయిందో! ఆ సంసారానికి మేలే జరిగింది. కానీ చదువు కోసమని ఖర్చుపెట్టిన సర్కారు, చదువు పెరిగిందా అని చూసుకుంటే పెరగలేదు. ఇదే సంగతి ఆఫ్రికాలోని జాంబియాలో కూడా కనబడింది. ఇల్లు ఎలాగో కొనుక్కునే వస్తువు ఒకటి, బడి తప్ప మరెవరూ ఇవ్వలేనిది ఒకటి. సర్కారు రూపాయి మొదటిదానికి పోతే ఒక ఫలితం, రెండోదానికి పోతే ఇంకొకటి. బొత్తిగా ఏమీ కొనలేని ఇంటి పిల్లవాడి సంగతి వేరే అనుకోండి; వాడికి ఆ పలకే మొదటి పలక.

అదనపు టీచరును ఇచ్చిన బళ్ళలో పిల్లలు బాగుపడ్డారు. ఆ కాంట్రాక్టు టీచర్ల జీతం పర్మనెంటు వారి జీతంలో చిన్న వంతు. అయినా బడికి రానివారు వారిలో నూటికి 18 మంది అయితే, పర్మనెంటు వారిలో 27 మంది. ఈ అంకె చదివి సిగ్గుపడని పంతులు వుండడు.

బోనసు బళ్ళలో రెండేళ్ళు తిరిగేసరికి, నూరుమందిలో సరిగ్గా నడిమధ్య వుండవలసిన పిల్లవాడు మరో తొమ్మిదిమందిని దాటి ముందుకు వచ్చాడు. బోనసు తెలుగుకూ లెక్కలకే అయినా సైన్సు, సాంఘికశాస్త్రాల్లో కూడా పిల్లలు వెనకబడలేదు సరికదా, మెరుగయ్యారు. అంత మాత్రాన ఆ పద్ధతి రాష్ట్రమంతటా జీతాల నిబంధన కాలేదు. పరిశోధన ఒక దారి చూపిస్తే, పాలసీ బండి దాని పాత గాడిలోనే పోతుంది.

వీటికి పక్కనే ఇంకో ముచ్చట. మరికొన్ని బళ్ళలో మేష్టర్లకు ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో వివరంగా రిపోర్టులు రాసి ఇచ్చి, అప్పుడప్పుడు మనుషులు వచ్చి క్లాసులు చూసి పోయేవారు. చూస్తున్నంతసేపూ మేష్టర్లు హుషారుగా పాఠాలు చెప్పారు. పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు! ఇనస్పెక్టరుగారు వచ్చే రోజు నల్లబల్లకు కొత్త రంగు పూసిన వాళ్ళెవరికీ ఇది ఆశ్చర్యం కలిగించదు.

ఇక మన మధ్యతరగతి గుమ్మం దగ్గరకు వద్దాం. 2008లో 180 పల్లెల్లో, సర్కారు బడి పిల్లలను ప్రయివేటు బడికి పంపడానికి వోచర్లిచ్చారు. అక్కడా లాటరీయే. నాలుగేళ్ళ తర్వాత లాటరీ తగిలిన పిల్లలనూ తగలని పిల్లలనూ పక్కపక్కన కూర్చోబెట్టి చూస్తే, తెలుగులోనూ లెక్కల్లోనూ ఇద్దరూ సమానమే. ప్రయివేటు బళ్ళు ఆ రెండింటికీ తక్కువ పీరియడ్లు ఇచ్చి, మిగిల్చిన టైమును ఇంగ్లీషుకూ హిందీకీ పెట్టాయి. హిందీలో మాత్రం వారి పిల్లలు చాలా ముందున్నారు. సర్కారు బళ్ళలో ఆ తరగతుల్లో హిందీ లేనే లేదు కదా! ఖర్చు చూడబోతే, ప్రయివేటు బడికి పిల్లకు అయ్యేది సర్కారు బడికి అయ్యేదానిలో మూడోవంతు కూడా లేదు. అక్కడి టీచరు జీతం సర్కారు టీచరు జీతంలో ఆరోవంతు లోపే. మంచి పిల్లలంతా వెళ్ళిపోతే వెనక మిగిలినవాళ్ళు నష్టపోతారని పెద్దలు భయపడ్డారు. దానినీ కొలిచారు, అట్లాంటి నష్టం కనబడలేదు.

ప్రయివేటు బళ్ళలోనూ తెలుగు మీడియంలో చేరినవాళ్ళే ఇంగ్లీషు మీడియంలో చేరినవాళ్ళకంటే మెరుగ్గా వున్నట్టు ఆ లెక్కలు సూచిస్తున్నాయి. అప్పటిదాకా తెలుగులో చదివిన పిల్లవాణ్ణి ఉన్నట్టుండి పరాయి భాషలో కూడికలు చేయమంటే వాడు మాత్రం ఏం చేస్తాడు?

మా వీధి చివర ఒక కాన్వెంటు వుంది. దాని బోర్డు మీద ఇంగ్లీషు, హిందీ, కంప్యూటరు, కరాటే అని రాసి వుంటుంది. మొన్న మా మనవడికి సీటు అడగడానికి వెళ్ళి, తెలుగు, లెక్కలు వారానికి ఎన్ని పీరియడ్లండీ అని అడిగాను. గుమాస్తాగారు సొరుగులోంచి టైంటేబుల్ తీసి, వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇంతవరకు ఎవరూ అడగలేదట.