ఎస్పీ శైలజ ఆస్తి ఎంత? గొంతుతో బతికేవాళ్ల సంపాదన ఎలా ఉంటుంది?

నటి పేరో, గాయని పేరో ఫోన్‌లో కొట్టి పక్కన ‘ఆస్తి ఎంత’ అని వెతకడం ఇప్పుడు మామూలైపోయింది. ఇన్ని కోట్లు, అన్ని కోట్లు అని అంకెలు కూడా టకటకా వచ్చేస్తాయి. రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర ధన రొట్టె పట్టుకున్నంత తేలిక. అయితే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే జవాబుండదు. ఎన్నికల్లో నిలబడేవాళ్లు అఫిడవిట్‌లో ఆస్తులు చూపించాలి. కళాకారులకు ఆ నిబంధన లేదు. కాబట్టి ఆ కోట్లన్నీ ఎవరో వేసిన అంచనాలే. వాటిని పక్కన పెట్టి, గొంతు మీద బతికేవాళ్లకు డబ్బు ఏ దారిలో వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం. దానికి నెల్లూరు వాళ్ల ఇంటి మనిషి లాంటి ఎస్పీ శైలజ గారి కెరీర్ మంచి ఉదాహరణ.

శైలజ గారు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి చెల్లెలు. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో వాళ్ల ఇల్లు. అప్పట్లో తెలుగు సినిమా అంతా మద్రాసులోనే ఉండేది. గూడూరు, సూళ్లూరుపేట మీదుగా రైలెక్కితే కొన్ని గంటల్లో మద్రాసు. కోస్తాలోని ఈ చివరి జిల్లా నుంచి అంతమంది కళాకారులు అటు వెళ్లారంటే ఆ రైలు దారి కూడా ఒక కారణమే.

ఆమె తెలుగులోనే కాదు, తమిళం, కన్నడం, మలయాళంలోనూ పాడారు. 1980లో వచ్చిన రజనీకాంత్ తమిళ సినిమా ‘జానీ’లో ఇళయరాజా సంగీతంలో ఆమె పాడిన పాటను తమిళనాడులో ఇప్పటికీ వింటారు. డాన్స్ కూడా వచ్చు. 1983లో కె. విశ్వనాథ్ గారి ‘సాగర సంగమం’లో నటించారు. కమల్ హాసన్ ఎవరి నాట్యాన్ని తప్పుపడుతూ పేపర్లో రాస్తాడో, ఆ అమ్మాయి పాత్ర ఆమెదే. ఆ ఒక్క సినిమాతోనే జనానికి ముఖం గుర్తుండిపోయింది. ఆ తర్వాత నటన వైపు పెద్దగా వెళ్లలేదు. భర్త శుభలేఖ సుధాకర్ గారు మాత్రం సినిమాల్లో మొదలుపెట్టి తెలుగు, తమిళ సీరియళ్లలోనూ నటించారు. శైలజ గారిని టీవీలో చూసినవాళ్లకు ఈటీవీ ‘స్వరాభిషేకం’ వేదిక గుర్తుంటుంది.

చాలామందికి తెలియని పని ఇంకొకటి ఉంది, అదే డబ్బింగ్. టబు, సోనాలి బెంద్రే లాంటి హిందీ హీరోయిన్లు తెలుగు తెర మీద మాట్లాడుతుంటే మనం విన్న గొంతుల్లో శైలజ గారిదీ ఒకటి. ఇది పాడటం కన్నా సులువేమీ కాదు. పాటకు తాళం ఉంటుంది, పట్టుకుని పోవచ్చు. డబ్బింగ్‌లో వేరే మనిషి పెదవులే తాళం. ఆమె ఊపిరి పీల్చిన చోట మనమూ పీల్చాలి. ఏడుపు, ఎగశ్వాస, నవ్వు అన్నీ చీకటి గదిలో మైకు ముందు నిలబడి తెప్పించుకోవాలి. పాత రోజుల్లో ఫిల్మ్ ముక్కను లూప్‌గా కట్టి మళ్లీ మళ్లీ తిప్పేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్ వచ్చింది, తప్పు పడితే ఆ ముక్క వరకే మళ్లీ చెప్పొచ్చు.

ఆ ఇంట్లో ఈ పని చేసింది ఆమె ఒక్కరే కాదు. బాలు గారు ‘మన్మథ లీల’తో కమల్‌కు తెలుగు గొంతు అయ్యారు. 2008లో ‘దశావతారం’ తెలుగులో కమల్ వేసిన పది వేషాల్లో ఏడింటికి ఆయనే చెప్పారు.

ఇక డబ్బు సంగతి. డబ్బింగ్‌కు సినిమాకు ఇంత అని, సీరియల్‌కైతే ఎపిసోడ్‌కు ఇంత అని మాట్లాడుకుంటారు. ఒకసారి ఇచ్చేస్తే లెక్క తీరిపోయినట్టే. ఆ సినిమా టీవీలో వందసార్లు వేసినా, యూట్యూబ్‌లో పెట్టినా గొంతు ఇచ్చిన మనిషికి మళ్లీ రూపాయి రావడం అరుదు. హీరోయిన్‌కు వచ్చిన పేరుతో ఆమెకు షాపు ఓపెనింగులు, యాడ్లు వస్తాయి. గొంతు ఎవరిదో జనానికి తెలియదు కనుక డబ్బింగ్ ఆర్టిస్టుకు ఆ దారి మూసుకుపోయినట్టే.

పాడేవాళ్ల పరిస్థితి కొంత నయం. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక గాయకులకు రాయల్టీ హక్కు గట్టిపడింది. దాన్ని వసూలు చేసేందుకు 2013లో గాయకుల హక్కుల సంఘం ‘ఇస్రా’ రిజిస్టర్ అయింది. ప్రదర్శన ఇచ్చిన కళాకారుడి హక్కు చట్టం ప్రకారం 50 ఏళ్లు ఉంటుంది. నటులు కూడా ఈ చట్టం కిందికి వస్తారు. కానీ ఒక మెలిక ఉంది. సినిమాలో చేసింది నామమాత్రపు పని అయి, టైటిల్స్‌లో పేరు కూడా వేయకపోతే, ఆ మనిషికి డబ్బు హక్కులు ఉండవు. డబ్బింగ్ వాళ్లు టైటిల్స్‌లో పేరు కోసం పట్టుబట్టడం గొప్ప కోసమేనని కొందరు అనుకుంటారు. అసలు సంగతి ఇదీ.

ఈ కుటుంబం ఆస్తిలో జనానికి కచ్చితంగా తెలిసింది నెల్లూరు ఇల్లు. 2020 ఫిబ్రవరిలో, తల్లి పోయిన ఏడాదికి, బాలు గారు దాన్ని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. అదే సెప్టెంబర్ 25న ఆయనా వెళ్లిపోయారు. అప్పటికి ఎవరూ ఆస్తిగా లెక్కేయనిది ఒకటి మిగిలింది, ఆయన గొంతు.

2023లో వచ్చిన ‘కీడా కోలా’ సినిమాలో ఏఐతో బాలు గారి గొంతు పుట్టించారని, తమను అడగలేదని కుటుంబం అభ్యంతరం చెప్పింది. 2024 మొదట్లో కొడుకు ఎస్పీ చరణ్ నిర్మాతలకు, సంగీత దర్శకుడు వివేక్ సాగర్‌కు లీగల్ నోటీసు పంపారు. క్షమాపణ, కోటి రూపాయల పరిహారం అడిగారని వార్తలొచ్చాయి. సరిగ్గా అదే సమయంలో ఏఆర్ రెహమాన్ ‘లాల్ సలామ్’ కోసం చనిపోయిన ఇద్దరు గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను ఏఐతో వాడారు. అయితే ముందే రెండు కుటుంబాలను అడిగి, డబ్బు కూడా ఇచ్చామని చెప్పారు. పద్ధతంటే అదీ.

బతికున్నవాళ్లకు కోర్టుల అండ దొరుకుతోంది. 2024 జులైలో అర్జీత్ సింగ్ గొంతును ఏఐతో అనుకరించకుండా బాంబే హైకోర్టు ఆపింది. పోయినవాళ్ల విషయంలోనే చిక్కు. 2023లో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ కేసులో, ఇలాంటి వ్యక్తిగత హక్కులు మనిషితోనే పోతాయని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అంటే బాలు గారి కుటుంబం వాదన న్యాయంగా అనిపించినా చట్టంలో దాన్ని నిలబెట్టడం తేలిక కాదు.

పాట రికార్డింగుకు దండిగా చట్టం ఉంది. మాట చెప్పేవాళ్లకే తక్కువ. నెల్లూరు నుంచో, కావలి నుంచో ఇవాళ హైదరాబాద్ వెళ్లి సీరియళ్లకు గొంతు ఇస్తున్న పిల్లలు సంతకం పెట్టే ముందు కాగితంలో మూడు విషయాలు చూసుకోవాలి. టైటిల్స్‌లో పేరు వేస్తారా? ఈ రికార్డింగ్ ఈ ఒక్క సీరియల్‌కేనా, వేరేచోట కూడా వాడతారా? ఈ గొంతుతో ఏఐకి నేర్పిస్తారా? మూడోదాని గురించి కాగితంలో ఏమీ లేకపోతే, వద్దని రాయించుకోవాలి.